వనభోజనాలకి పాస్తా సలాడ్: డ్రెస్సింగ్ విడిపోకుండా, పాస్తా ఎండిపోకుండా ఎలా?

ఉసిరిచెట్టు_నీడ
ఈ ఆదివారం మా వనభోజనాలు. పాతిక మంది. పులిహోర, దద్దోజనం, పనసపొట్టు కూర ఎవరి వంతు వాళ్ళు పట్టేసుకున్నారు. పిల్లల కోసం పాస్తా సలాడ్ నా నెత్తిన పడింది. కొన్న సీసా డ్రెస్సింగ్ వద్దు, ఇంట్లోనే కలపాలి. కలిపితే రెండు గొడవలండి. నూనె పైకి తేలిపోయి పులుపు అడుక్కి దిగిపోతోంది. పొద్దున్న కలిపింది మధ్యాహ్నానికి పాస్తా మొత్తం పీల్చేసి పొడిపొడిగా అయిపోతోంది. కార్తీకం కాబట్టి గుడ్డు, ఉల్లి, వెల్లుల్లి ఏవీ కుదరవు. 9 గంటలకి ఇంట్లో బయల్దేరితే తినేసరికి 1 అవుతుంది. కొలతలతో చెప్పండి. "తగినంత" అన్నవాళ్ళకి పులిహోర పెట్టం.

భీమారం_బావ
ఉసిరి చెట్టు కింద పాస్తా. ఆయ్, కానీండి.

వంటింటి_కొలతలు
250 గ్రాముల పొడి పాస్తాకి లెక్క చెప్తాను. పాతిక మందికి, పక్కన పులిహోర, దద్దోజనం ఉన్నాయి కాబట్టి కిలో చాలు. అంటే అన్నీ నాలుగింతలు చేసుకోండి.

నూనె 90 మి.లీ., అంటే 6 పెద్ద చెంచాలు. నిమ్మరసం 45 మి.లీ., 3 పెద్ద చెంచాలు (కాయలో రసాన్ని బట్టి 3 లేదా 4 నిమ్మకాయలు). మెత్తటి ఉప్పు 1 చిన్న చెంచా, పంచదార అర చెంచా, మిరియాల పొడి అర చెంచా, నూరిన ఆవ ముద్ద 1 చెంచా.

ఆకుల సలాడ్‌కి 3 వంతుల నూనె, 1 వంతు పులుపు అన్న లెక్క అందరూ చెప్తారు. పాస్తాకి అది పనికిరాదు. ఉడికిన పాస్తా పులుపునీ ఉప్పునీ లోపలికి లాగేసుకుంటుంది, నూనె మాత్రం పైన మిగిలిపోతుంది. తింటే జిడ్డుగా, చప్పగా ఉంటుంది. అందుకే 2కి 1. విడిగా చెంచాతో రుచి చూస్తే "అబ్బో, పులుపు, ఉప్పు ఎక్కువయ్యాయి" అనిపించాలి. పాస్తాలో పడ్డాక సరిపోతుంది.

వరస తప్పొద్దు. ఉప్పు, పంచదార ముందు నిమ్మరసంలో పూర్తిగా కరగాలి. ఉప్పు నూనెలో కరగదు, ఆఖర్న వేస్తే గింజలు గింజలుగా అడుగున కూర్చుంటుంది. ఉప్పు కరిగాక ఆవ, ఆ తర్వాతే నూనె.

కాకినాడ_కాజా
ఆవ ఎందుకండి మధ్యలో? పాస్తా సలాడ్ కాస్తా ఊరగాయ అయిపోతుంది.

వంటింటి_కొలతలు
విడిపోకుండా పట్టేది అదే. ఆవగింజ పై పొట్టులో జిగురు ఉంటుంది. గిలక్కొట్టినప్పుడు నూనె చిన్న చిన్న బొట్లుగా విరిగితే, ఆ బొట్లు మళ్ళీ ఒకదాన్నొకటి అంటుకోకుండా ఆ జిగురు, నలిగిన పిండి అడ్డుపడతాయి. ఫ్రాన్స్‌లో వాళ్ళు సీసాలో వచ్చే డిజాన్ ఆవ ముద్ద వేసేదీ అందుకే. 150 మి.లీ. డ్రెస్సింగ్‌లో చెంచా ఆవతో ఊరగాయ వాసన రాదు.

పాలకొల్లు_పిన్ని
కాజా గారూ, ఆవకాయలో మాత్రం ఉన్నదేంటి? నూనె, ఆవపిండి, ఉప్పు, కాయలోంచి ఊరిన పులుపు. మూడో రోజున తిరగకలిపినప్పుడు ఊట చిక్కగా, ముక్కని పట్టుకుని ఉండటం చూడలేదా? అదీ డ్రెస్సింగే.

ఆవ నూరడం గురించి మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పట్లేదు, అక్కడే సగం మందికి చేదొచ్చేది. ఆవాలు 1 పెద్ద చెంచా తీసుకుని చల్లటి నీళ్ళలో గంటసేపు నానబెట్టండి. వేడి నీళ్ళు వద్దు. చిటికెడు ఉప్పు వేసి చిన్న రోట్లో నూరితే మేలు. మిక్సీ అయితే చిన్న జార్‌లో, ఆపి ఆపి, 5 సెకన్ల చొప్పున తిప్పండి. ఏకధాటిగా తిప్పితే జార్ వేడెక్కుతుంది, ముద్ద చేదెక్కుతుంది. నూరాక 10 నిమిషాలు మూతపెట్టి వదిలేయండి, అప్పుడు ఘాటు పైకొస్తుంది. పనసపొట్టు కూరలో ఆవ ఎప్పుడు కలుపుతాం? కూర చల్లారాకే కదా. పాస్తాకీ అంతే. పొగలు కక్కే పాస్తా మీద ఆవ డ్రెస్సింగ్ పోస్తే ఘాటు పోయి చేదు మిగులుతుంది.

గౌతమి_గట్టు
పిన్ని గారు చెప్పిన 10 నిమిషాలు పెద్దవాళ్ళకి. ఇది పిల్లల కోసం కాబట్టి తిరగేయాలి. నలిగిన ఆవలో ఉన్న ఎంజైమ్ నీళ్ళు తగిలాకే ఘాటుని పుట్టిస్తుంది. పులుపు ముందే తగిలితే ఆ పని మందగిస్తుంది. కాబట్టి నూరిన వెంటనే నిమ్మరసంలో కలిపేయండి, ముక్కుకి ఎక్కదు. జిగురు ఎటూ పోదు కనుక కలవడానికి ఇబ్బంది లేదు. ఒకే ముద్ద, పెద్దల గిన్నెకి 10 నిమిషాలు ఆగి, పిల్లల గిన్నెకి వెంటనే.

పాలకొల్లు_పిన్ని
ఇది బాగుంది. రెండు గిన్నెలు చేయమనండి.

రాజోలు_రసం
పోపులో ఆవాలు చిటపటలాడించి వేసేస్తే సరిపోదా? వాసన బాగుంటుంది.

వంటింటి_కొలతలు
వాసనకి బాగుంటుంది, నూనె కలవడానికి ఏమీ చేయదు. గింజ నలగలేదు, జిగురు బయటికి రాలేదు. పోపు కావాలంటే వేరే పెట్టుకోండి, నూరిన ఆవకి బదులు కాదు.

ఇంకో సంగతి. మన నల్ల ఆవాల్లో ఘాటు ఎక్కువ, జిగురు తక్కువ. తెల్ల ఆవాలు దొరికితే సగం సగం నూరండి. దొరక్కపోతే డ్రెస్సింగ్‌లో చెంచా తేనె వేయండి. చిక్కబడి బొట్లు నెమ్మదిగా కదులుతాయి, విడిపోవడం ఆలస్యమవుతుంది. తేనె వేస్తే పంచదార మానేయండి.

తణుకు_టిఫిన్
గిలక్కొట్టేది దేంతో? గరిటెతోనా?

వంటింటి_కొలతలు
మూత గట్టిగా ఉన్న గాజు సీసా. సగానికి మించి నింపొద్దు, లోపల ఊగడానికి చోటుండాలి. అన్నీ వేసి అర నిమిషం గట్టిగా ఊపండి. చిక్కగా, మసకగా మారితే అయినట్టు. అరగంట, ముప్పావుగంటకి మళ్ళీ కొంచెం విడుతుంది, అది సహజం. వడ్డించే ముందు ఇంకోసారి ఊపండి. అసలు విడవకూడదంటే గిన్నెలో ఆవ, నిమ్మరసం వేసి కవ్వంతో తిప్పుతూ నూనె మొదటి 2 చెంచాలు చుక్కలు చుక్కలుగా, మిగతాది సన్నటి ధారగా పోయాలి. ఒక్కసారిగా గుమ్మరిస్తే ఎంత చిలికినా పెద్ద బొట్లే.

ఉసిరిచెట్టు_నీడ
అర్థమైంది. మరి పాస్తా పీల్చేసుకోవడం?

గౌతమి_గట్టు
దానికి పాస్తా ఉడికించేటప్పటి నుంచీ చూసుకోవాలి. లీటరు నీళ్ళకి 10 గ్రాముల ఉప్పు. 100 గ్రాముల పాస్తాకి లీటరు నీళ్ళు. మీ కిలోకి ఒకే గిన్నె పెట్టకండి, రెండు విడతలుగా వండండి, లేకపోతే నీళ్ళు మరుగు తప్పి పాస్తా అంటుకుపోతుంది. వేడిగా తినే పాస్తాని కాస్త పలుకు ఉండగా దించేస్తారు. చల్లగా తినేదాన్ని అట్ట మీద రాసిన సమయం కంటే 1 లేదా 2 నిమిషాలు ఎక్కువ ఉడికించాలి. పిండి చల్లారితే గట్టిపడుతుంది. రాత్రి అన్నం తెల్లారేసరికి బిరుసెక్కినట్టే.

డ్రెస్సింగ్ రెండు భాగాలు చేయండి. మూడింట రెండొంతులు పాస్తా గోరువెచ్చగా ఉన్నప్పుడు కలపండి. మూడో వంతు సీసాలోనే తీసుకెళ్ళి వడ్డించే ముందు పోయండి. అప్పటికీ పొడిగా ఉంటే నూనె పోయొద్దు. 2 చెంచాల నీళ్ళు, 1 చెంచా నిమ్మరసం, చిటికెడు ఉప్పు కలిపి చల్లండి. పాస్తా పీల్చింది నీటిని, ఇవ్వాల్సిందీ నీటినే.

యానాం_యాత్రికుడు
వార్చాక చన్నీళ్ళతో కడగాలా, వద్దా? ఒకరు కడగాలంటారు, ఇంకొకరు కడిగితే పాపం అంటారు.

కాకినాడ_కాజా
కడగకూడదు. పైన ఉన్న గంజి పోతే డ్రెస్సింగ్ పట్టదు.

గౌతమి_గట్టు
వేడి సాస్‌లో కలిపేదానికి మీ మాట నిజం. చల్లటి సలాడ్‌కి కాదు. ఆ గంజే చల్లారాక జిగురై పాస్తాని ముద్దలుగా అతికిస్తుంది. పైగా కడగకపోతే వేడి తగ్గదు, లోపల ఉడుకుతూనే ఉంటుంది.

కాకినాడ_కాజా
అంటుకోకుండా చెంచా నూనె రాస్తే సరి. నూడుల్స్‌కి చేసేది అదేగా.

వంటింటి_కొలతలు
ముందు నూనె పూస్తే ఆ పొర మీద నుంచి నిమ్మరసం జారిపోతుంది. పులుపు పాస్తాలోకి దిగాలంటే నూనె కంటే ముందు తగలాలి. నేను చెప్పే పద్ధతి: కుళాయి కింద అర నిమిషం కడిగి, వేడి పోయి గోరువెచ్చదనం మిగలగానే ఆపండి. చిల్లుల పళ్ళెంలో 5 నిమిషాలు బాగా వార్చండి. గొట్టాల్లాంటి పెన్నే అయితే రెండు మూడుసార్లు కుదపండి, లోపల నీళ్ళు నిలుస్తాయి. ఆ నీళ్ళుంటే డ్రెస్సింగ్ పల్చబడి అడుక్కి కారిపోతుంది. 1 చెంచా నిమ్మరసం ముందు చల్లి కలిపి, తర్వాత డ్రెస్సింగ్.

కాకినాడ_కాజా
నిమ్మరసం ముందు అన్నది ఒప్పుకుంటా. కడగడం మాత్రం నాకు మనసొప్పదు.

భీమారం_బావ
కాజాకి మనసు పాకంలో ఉంటుంది కదండీ, నీళ్ళు పడవు.

తణుకు_టిఫిన్
ఏ ఆకారం మంచిది?

గౌతమి_గట్టు
మెలికల ఫ్యుసిల్లీ. మెలికల్లో డ్రెస్సింగ్ ఆగుతుంది. సీతాకోక చిలుక ఆకారం చూడ్డానికి బాగుంటుంది గానీ నడిమి ముడి ఉడికేసరికి రెక్కలు మెత్తబడతాయి. పిల్లలకి చిన్న మాకరోనీ కూడా సుఖమే. డ్యూరం గోధుమ రవ్వతో చేసిందో కాదో ప్యాకెట్ మీద చూసుకోండి. మైదాది అయితే సలాడ్‌లో పేస్టు అయిపోతుంది.

రాజోలు_రసం
నూనె సంగతి ఎవరూ చెప్పలేదు. ఆలివ్ ఆయిల్ తప్పదా? కోనసీమలో ఉండి కొబ్బరి నూనె వాడకూడదా?

వంటింటి_కొలతలు
కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఐసు పెట్టెలోంచి తీస్తే పాస్తా మీద తెల్లటి మైనపు పొర. వద్దు. ఆలివ్ కూడా ఫ్రిజ్‌లో గడ్డకడుతుంది కానీ బయట పెట్టిన 20 నిమిషాలకి కరుగుతుంది. ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్‌ని మిక్సీలో తిప్పకండి, చేదొస్తుంది. సీసాలో ఊపుకోండి చాలు.

ఆలివ్ లేకుండా అయితే 60 మి.లీ. సన్‌ఫ్లవర్, 30 మి.లీ. గానుగ పప్పునూనె (నువ్వుల నూనె). మొత్తం పప్పునూనే పోస్తే దాని వాసన తప్ప ఇంకేదీ తెలియదు.

పాలకొల్లు_పిన్ని
పప్పునూనెకి నా ఓటు. వెల్లుల్లి లేదంటున్నారు కాబట్టి ఆ 30 మి.లీ.లో ఒక చెంచా వేడి చేసి, చిటికెడు ఇంగువ పొంగించి, పూర్తిగా చల్లార్చి కలపండి. పచ్చి ఇంగువ నేరుగా వేయకండి, గొంతులో పట్టుకుంటుంది.

యానాం_యాత్రికుడు
కార్తీకం దాటాక వెల్లుల్లి నూనె చేసి సీసాలో నిలవ పెట్టుకోవచ్చా? నెల రోజులు ఉంటుందా?

గౌతమి_గట్టు
ఉండదండి, బయట అసలు పెట్టకండి. పచ్చి వెల్లుల్లి నూనెలో మునిగితే గాలి తగలదు, పులుపూ లేదు. బాటులిజం అనే ప్రమాదకరమైన ఆహార విషాన్ని తెచ్చే సూక్ష్మజీవికి కావలసింది అదే. విషం ఏర్పడినా వాసనలో, రంగులో తేడా తెలియకపోవచ్చు. ఫ్రిజ్‌లో పెట్టి 4 రోజుల్లోపు వాడేయాలి. అసలు డ్రెస్సింగ్‌కి ఎప్పటికప్పుడు ఒక రెబ్బ ఉప్పుతో నూరుకుంటే పోయేదేముంది?

కార్తీక_దీపం_తూర్పు
నిమ్మకి బదులు ఉసిరి రసం వేస్తే? కాలమూ కలిసొస్తుంది, చెట్టూ పక్కనే ఉంటుంది.

పాలకొల్లు_పిన్ని
పులుపుతో పాటు వగరు వస్తుంది. మొత్తం ఉసిరే అయితే నాలుక పట్టేస్తుంది. 30 మి.లీ. నిమ్మ, 15 మి.లీ. ఉసిరి. గింజ తీసి తురిమి, గుడ్డలో పిండాలి. ఉసిరి వేసినప్పుడు తేనె ఇంకో అర చెంచా.

తణుకు_టిఫిన్
వెనిగర్?

వంటింటి_కొలతలు
కిరాణా కొట్లో దొరికే తెల్ల సింథటిక్ వెనిగర్ అంటే ఎసిటిక్ ఆమ్లం, నీళ్ళు అంతే. పులుపు ఉంటుంది, రుచి ఉండదు, మూత తీస్తే వాసన ముక్కులో గుచ్చుతుంది. తప్పకపోతే సగం నిమ్మ, సగం వెనిగర్. దాని లాభం ఒకటే. నిమ్మరసం పిండి నిలవ పెడితే చేదెక్కుతుంది, ఇది ఎక్కదు. నిమ్మ అయితే ఆ పూటకి ఆ పూటే పిండండి, గింజలు నలగనివ్వకండి.

మోరి_గుండు
ఇంతసేపూ నూనె, నిమ్మ గోలేనా? పిల్లలు అడిగేది తెల్లగా, చిక్కగా ఉండే డ్రెస్సింగ్. మా జీడిపప్పు ఉండగా గుడ్డెందుకండి?

250 గ్రాముల పాస్తాకి 60 గ్రాముల జీడిపప్పు. గుండు పప్పు దండగ, ముక్క పప్పు తీసుకోండి, ఎలాగూ నూరేదే. వేడినీళ్ళలో అరగంట నానబెట్టి ఆ నీళ్ళు వంపేయండి. 80 మి.లీ. చల్లటి నీళ్ళు, 30 మి.లీ. నిమ్మరసం, అర చెంచా ఆవ, ముప్పావు చెంచా ఉప్పు వేసి 2 నిమిషాలు మెత్తగా తిప్పండి. మధ్యలో జార్ గోడలు గీరండి. వేళ్ళ మధ్య నలిపితే రవ్వ తగలకూడదు. తగిలితే ఇంకో నిమిషం. ఆఖర్న 30 మి.లీ. నూనె సన్నగా పోస్తూ తిప్పండి. ఇది ఉన్నకొద్దీ బిగుస్తుంది. కలిపేటప్పుడు గరిటె జారుడుగా కనబడాలి, ఇంకా చిక్కగా ఉంటే 2 లేదా 3 చెంచాల నీళ్ళు పోయండి.

రాజోలు_రసం
మోరి వాళ్ళు జీడిపప్పు లేకుండా పెరుగన్నం కూడా తినరు.

మోరి_గుండు
తింటాం. మామిడికాయ దొరికిన రోజున.

భీమారం_బావ
పాలతో మయోనైజ్ అవుతుందంటారు, నిజమేనా?

గౌతమి_గట్టు
అవుతుంది. పాలలోని ప్రోటీనే నూనె బొట్లని పట్టుకుంటుంది. చిక్కటి పాలు 100 మి.లీ., ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటివి. సన్‌ఫ్లవర్ నూనె 200 మి.లీ., అర చెంచా ఉప్పు, అర చెంచా ఆవ. అన్నీ పొడవాటి, సన్నటి గ్లాసులో వేసి చేతి బ్లెండర్‌ని అడుగుకంటా ఆనించి, కదపకుండా 20 సెకన్లు తిప్పండి. అడుగున తెల్లబడి చిక్కబడ్డాక మెల్లగా పైకి లాగండి. చివర్లో 1 పెద్ద చెంచా నిమ్మరసం, అది పడగానే ఇంకా బిగుస్తుంది. ముందే వేస్తే పాలు విరుగుతాయి.

మామూలు మిక్సీ జార్‌లో ఎక్కువసార్లు తప్పుతుంది. 100 మి.లీ. పాలు బ్లేడుకి సరిగా అందవు, నూనె పైనే తిరుగుతుంది, జార్ వేడెక్కుతుంది. విడిపోతే పారేయకండి. వేరే గ్లాసులో 2 చెంచాల చల్లటి పాలు, అర చెంచా ఆవ వేసి, విడిపోయినదాన్ని కొంచెం కొంచెంగా పోస్తూ మళ్ళీ తిప్పండి, కూడుకుంటుంది.

ఉసిరిచెట్టు_నీడ
9 నుంచి 1 దాకా అంటే 4 గంటలు. ఏది తీసుకెళ్ళడం క్షేమం?

వంటింటి_కొలతలు
పాలది, జీడిపప్పుది, పెరుగుది ఐసు పెట్టె లేకుండా తీసుకెళ్ళొద్దు. నిమ్మ, నూనె, ఆవ డ్రెస్సింగ్ సీసాలో విడిగా ఉంటే 4 గంటలకి ఏమీ కాదు. కానీ చాలామంది డ్రెస్సింగ్ గురించి బెంగపెట్టుకుని పాస్తాని మర్చిపోతారు. ఉడికిన పిండి పదార్థం ఏదైనా, అన్నమైనా సరే, బయట ఉంచేది 2 గంటలే. ఎండ 32 డిగ్రీలు దాటిన రోజు 1 గంటే.

కాబట్టి ఐసు పెట్టె ఎలాగూ కావాలి. పెద్ద థర్మాకోల్ పెట్టెలో గడ్డకట్టిన నీళ్ళ సీసాలు అడుగున రెండు, పైన రెండు. పాస్తాని వెడల్పాటి స్టీలు డబ్బాల్లో, మూడు అంగుళాల మందం దాటకుండా సర్దండి. పొద్దున 6కి వండి, డ్రెస్సింగ్ కలిపి, డబ్బాలని ఫ్రిజ్‌లో 2 గంటలు చల్లబరిచి అప్పుడు పెట్టెలో పెట్టండి. వేడి డబ్బా పెడితే ఐసంతా దానికే సరిపోతుంది.

రాజోలు_రసం
ఐసుకి భీమవరం వైపు అయితే కొదవలేదు. రొయ్యల లారీ ఆపితే చాలు.

కడియం_కుండీ
ఆకుల మాట. తులసి కోసి వేయకండి, అది వేరే మొక్క, లవంగం ఘాటు వస్తుంది. పాస్తాలో వేసే బేసిల్ అంటే సబ్జా గింజలిచ్చే మొక్క, మా కడియం, కడియపులంక నర్సరీల్లో అడిగితే ఇస్తారు. ఒరెగానో లేకపోతే వామాకు, కుండీల్లో దుబ్బుగా పెరిగే మందపాటి ఆకుది. రెండింటి వాసనా దగ్గర దగ్గరగా ఉంటుంది. 250 గ్రాముల పాస్తాకి రెండు ఆకులు సన్నగా తరిగితే చాలు, మూడోది వేస్తే దగ్గు మందు. బేసిల్‌ని వడ్డించే ముందే తుంచి వేయండి, పులుపులో నానితే నల్లబడుతుంది.

తణుకు_టిఫిన్
కీరా దోస, టమాటా వేసినప్పుడు అడుగున నీళ్ళు తేలుతున్నాయి. అది డ్రెస్సింగ్ తప్పా?

పాలకొల్లు_పిన్ని
కాదు, కూరలది. కీరాని నిలువుగా చీల్చి గింజల గుజ్జు చెంచాతో గీకేయండి. ముక్కలకి ఉప్పు రాసి 10 నిమిషాలు ఉంచి పిండండి. టమాటా గింజలూ తీసేయండి. క్యాప్సికం, ఉడికించిన మొక్కజొన్న గింజలు, క్యారట్ అయితే ఏ బాధా లేదు. ఉప్పు రాసిన కూర వేస్తే డ్రెస్సింగ్‌లో ఉప్పు పావు చెంచా తగ్గించండి.

ఉసిరిచెట్టు_నీడ
అయితే ఇది నా లెక్క, చూడండి. కిలో ఫ్యుసిల్లీ రెండు విడతలుగా. సన్‌ఫ్లవర్ 240, పప్పునూనె 120, నిమ్మరసం 180, ఆవ 4 చెంచాలు వెంటనే నిమ్మరసంలో, ఉప్పు 4, తేనె 4, మిరియాలు 2, ఇంగువ. 360 మి.లీ. ఇంట్లో కలిపి, 180 సీసాలో. జీడిపప్పుది వేరే చిన్న డబ్బాలో ఐసు మీద, కావలసిన పిల్లలకి.

వంటింటి_కొలతలు
సరిపోయింది. ఒక్కటి, కీరాకి ఉప్పు రాస్తే డ్రెస్సింగ్‌లో ఉప్పు 3 చెంచాలు చాలు. పాస్తా నీళ్ళలోనూ ఉప్పుందిగా. ఉప్పు తగ్గితే అక్కడ కలపొచ్చు, ఎక్కువైతే తీయలేరు. కళ్ళుప్పు అయితే చెంచాతో కొలవకండి, దంచి కొలవండి.

పాలకొల్లు_పిన్ని
4 నిమ్మకాయలు విడిగా సంచిలో పడేసుకోండి. ఏది తక్కువైనా అదే ఆదుకుంటుంది.

భీమారం_బావ
కార్తీకం పోయాక ఇదే డ్రెస్సింగ్‌లో రొయ్యలు వేయొచ్చా?

గౌతమి_గట్టు
వేయొచ్చు. తొక్క తీసిన మధ్య రకం రొయ్యల్ని మరిగే ఉప్పునీళ్ళలో 2 నిమిషాలు, వంకర తిరిగి ఎర్రబడగానే తీసి ఐసు నీళ్ళలో పడేయండి. నీళ్ళు తుడిచి, వడ్డించే ముందే కలపండి. నిమ్మరసంలో గంటలు గంటలు నానితే గట్టిపడి రబ్బరులా సాగుతాయి. మీ భీమారంలో వెల్లుల్లికి లోటు ఉండదు కాబట్టి ఇంగువ తీసేసి ఒక రెబ్బ నూరండి.

భీమారం_బావ
ఒక రెబ్బా? పావుకిలో రొయ్యలకి?